కాపడం రాయి

నోరు తెరవమన్నారు. పిల్ల తెరిచింది. ఫోన్ మెరిసింది. తరువాతి పిల్ల.

తాండూరు పక్కన మా రాతి గనుల బడికి పళ్ల వైద్యం వచ్చిన తీరు ఇదీ. సర్కారు బడి పిల్లల పళ్లు పాడుకాకముందే కాపాడాలని పథకం పెట్టారు. పథకం మంచిదే, నేను కాదనను. దాన్ని తీసుకెళ్లి కాంట్రాక్టరు చేతిలో పెట్టిన పాపాత్ములనే తిడుతున్నాను. పళ్లు చూసినట్టు ఫోటో ఉంటే చాలు, వాడి బిల్లు పాసవుతుంది. తెల్ల వ్యానులో కుర్చీ ఉంది, పుచ్చు పూడ్చడానికీ పన్ను పీకడానికీ పనికొచ్చే మంచి కుర్చీ. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా దాని మీద నుంచి తీయలేదు.

నేను రాతి పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాను, కార్మిక సంఘంలో తిరుగుతాను. ఆ పొద్దున నా కూతుర్ని బడిలో దింపి అక్కడే నిలబడ్డాను. గనిలో బండలు మోసే మొగులమ్మ కూతురు సహస్ర వరుసలో ఉంది. మూడో తరగతి పిల్ల. ఎడమ దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది, నోరు తెరుచుకోవడం లేదు. కాంట్రాక్టరు తరఫున క్యాంపు నడిపే చంద్రకాంత్ ఆ పిల్ల గడ్డం పట్టుకుని, పళ్ల మధ్య చెంచా దూర్చి తెరిచాడు. పిల్ల పెట్టిన కేకకు బడిలో అన్నం వండే జమాలున్నీసా గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది. పిల్ల చేతిలో ఒక బ్రష్షు పెట్టి పంపారు.

మొగులమ్మ వ్యాను తలుపు పట్టుకుని బతిమాలింది. కుర్చీ ఉంది కదా, ఆ పన్ను సంగతేదో చూడమంది.

"మా పని చూసుడే. తీసుడు మా పని కాదు. వికారాబాద్ తీస్కపో," అన్నాడు చంద్రకాంత్.

వికారాబాద్ పోవాలంటే రోజు పని వదులుకోవాలి. లారీలు నిలబడి ఉన్నాయని, పోతే మళ్లీ రావొద్దని మేస్త్రీ చంద్రప్ప అన్నాడు. మొగులమ్మ మా గనుల్లో అందరూ చేసేదే చేసింది. నడుం పట్టినా, మోకాలు వాచినా నాపరాయి ముక్కను పొయ్యిలో కాల్చి, గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకోవడం మాకు అలవాటు. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన అలాంటి రాయి ఒకటి ఉంటుంది. దవడ మీద రాయి పెడితే సహస్రకు కాసేపు హాయిగా ఉండేదట. "ఇంకోపారి పెట్టవా అమ్మా" అని అడిగేదట. తల్లి మళ్లీ మళ్లీ పెట్టింది. వాపు మెడలోకి దిగింది.

వికారాబాద్ ఆసుపత్రి చేరేసరికి పిల్లకు ఊపిరి ఆడటం లేదు. హైదరాబాద్ పంపుతూ అంబులెన్సు ఎక్కించారు. చేవెళ్ల దాటకముందే పోయింది. వాచిన రోజే చీము తీసి ఉంటే బతికేదని, అలాంటి దవడకు కాపడం పెట్టొద్దని ఎవరూ చెప్పలేదా అని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిందట. ఎవరు చెబుతారమ్మా? చెప్పాల్సినవాళ్లు ఫోటో తీసుకుని వెళ్లిపోయారు.

బడి వంటశాల ముందు జనం కూడారు. మేస్త్రీ చంద్రప్ప కూడా వచ్చాడు. వ్యానును ఏమనడానికి లేదని, రాయి పెట్టి పిల్లను చంపుకున్నది తల్లేనని అందరి ముందూ అన్నాడు. సిగ్గులేని మాట. కొందరు మగవాళ్లు తలలూపారు కూడా. మొగులమ్మ తల ఎత్తలేదు.

జమాలున్నీసా లేచింది. "నా సుఫియాన్‌కు నేను గూడ పెట్టిన రాయి. మీ ఇండ్లల్ల లేదా? డాక్టర్ ఉండంగ ఎవరన్న రాయి పెడ్తరా? జర చెప్పున్రి."

లోడింగ్ పని చేసే ఈశ్వర్ ఆ వ్యానును తగలబెడదామన్నాడు. కుర్రవాళ్లు అవునన్నారు. కేసులైతే పిల్లల్ని ఎవరు సాకుతారని ఆడవాళ్లు తిట్టారు. మాటా మాటా పెరిగింది. అప్పుడు మొగులమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"కాలవెట్టకున్రి. గా కుర్చీ మనది. మన పిల్లలు గండ్ల కూసోవాలె."

అదే మా డిమాండ్ అయింది. ప్రతి బడిలో కుర్చీ తెరవాలి, పుచ్చకముందే పళ్లకు పూత వేయాలి, వాచిన పిల్లను ఆ రోజే చూడాలి.

తర్వాత తాండూరులో ఒక పెద్ద బడికి వ్యాను వచ్చింది. పెద్ద అధికారి వస్తున్నాడని పూలదండలు, మైకు పెట్టారు, మా బడి పిల్లల్ని కూడా అక్కడికే తీసుకెళ్లారు. ఆడవాళ్లు ఇళ్లలోని రాళ్లు కాల్చి, గుడ్డల్లో చుట్టి వేడివేడిగా తెచ్చి వ్యాను ముందు వరుసగా పెట్టారు. మా పిల్లల దవడలకు దొరుకుతున్న వైద్యం ఇదేనని చెప్పి కూర్చున్నారు.

చంద్రకాంత్ పిల్లల్ని నోరు తెరవమన్నాడు. ఒక్కరూ తెరవలేదు. వాళ్లకు మేం చెప్పలేదు, సహస్ర నోట్లో దూర్చిన చెంచా వాళ్లే చూశారు. చాక్లెట్లు చూపించాడు. హెడ్మాస్టరు బెత్తం ఆడించాడు. సుఫియాన్ రెండు చేతులతో మూతి మూసుకున్నాడు.

ఎస్సై వచ్చి, రాళ్లతో దాడికి వచ్చారన్నాడు. మొగులమ్మ ఒక రాయి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"పట్టి చూడు సారూ. నా బిడ్డ దవడకు పెట్టింది గిదే."

చెయ్యి చురుక్కుమనగానే కింద పడేశాడు. దాన్నే హత్యాయత్నం అని రాశారు. మొగులమ్మను జుట్టు పట్టి ఈడ్చారు, బూటుతో నడుం మీద తన్నారు. జమాలున్నీసాతో పాటు జీపెక్కిస్తుంటే ఆమె పిల్లల వైపు తిరిగి, కుర్చీలో కూర్చోబెట్టేదాకా నోరు తెరవొద్దని చెప్పింది.

తెరవలేదు. ఆ మాట బడి నుంచి బడికి పాకింది, నవాబుపేటలో తెరవలేదు, బొంరాస్‌పేటలో తెరవలేదు. కాంట్రాక్టరు దగ్గర ఇప్పుడు ఉన్నవన్నీ బిగించిన మూతుల ఫోటోలే. మొగులమ్మ ఇంకా జైల్లోనే ఉంది. మా రాళ్లు స్టేషన్లో సాక్ష్యంగా పడి ఉన్నాయి.

రేపు వ్యాను కుల్కచర్ల వెళుతుందట. అక్కడి తల్లులు బెయిలు మీద వచ్చిన జమాలున్నీసాకు ఫోన్ చేశారు. తమది వ్యవసాయపు ఊరు, నాపరాళ్లు లేవు, ఏం తేవాలని అడిగారు.

"పిల్లల్ని తోల్కరాండ్రి," అంది జమాలున్నీసా. "కుర్చీ మీది కవర్ మనం చింపుదాం."