ఆగి ఆగి మాట్లాడేవాళ్ళ కోసం

రజిని అమెరికాలోని అరోరాలో, తక్కువ ఫీజుతో అడిగినవాళ్ళందరినీ చేర్చుకునే కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళు చదివింది. కూతురు ఆద్యను స్కూల్లో దింపి క్లాసులకు వెళ్ళేది. మధ్యాహ్నాలు వృద్ధుల డే కేర్ సెంటర్లో పనిచేసేది. ముప్ఫై ఎనిమిదో ఏట యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి, కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరంలో చేరింది. తోటివాళ్ళంతా ఇరవై ఏళ్ళవాళ్ళు. ఇంతకుముందు ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే మాట మార్చేసేది.

ఆ వేసవిలో ప్రొఫెసర్ జయంతి ఆమెను తన ల్యాబ్‌లోకి తీసుకున్నారు. అక్కడ తయారవుతున్న, మాటలు విని రాసిపెట్టే ప్రోగ్రాం ఒకటి వృద్ధులు చెప్పేది సగమే రాస్తోంది. వాళ్ళ ఉచ్చారణ స్పష్టంగా లేకపోవడమే కారణమని ల్యాబ్‌లో అందరూ అనుకున్నారు. రజిని రెండు వారాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు వందల రికార్డింగులు విని, ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

"మేడమ్, ఉచ్చారణ కాదు. వాళ్ళు మధ్యల ఆగుతరు. పేర్లు గుర్తు తెచ్చుకుంటరు, ఊపిరి తీసుకుంటరు. మాట అయిపోయిందనుకొని మన ప్రోగ్రాం కట్ చేస్తున్నది."

"మీకెలా తట్టిందండీ?"

"డే కేర్‌ల రోజూ చూసిన కదా. వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఓపిక పట్టాలె. లేకుంటే చిన్నబుచ్చుకుంటరు."

ఎవరి దగ్గర ఎంతసేపు ఆగాలో ప్రోగ్రామే నేర్చుకునేలా రజిని మార్చింది. తప్పులు సగానికి తగ్గాయి.

"పీహెచ్‌డీకి అప్లై చేయండి. ఇక్కడ మాస్టర్స్ లేకుండానే చేరొచ్చు," అన్నారు జయంతి.

రజిని నవ్వేసింది. "నేనా? కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చిన మేడమ్. నలభై వస్తున్నయి నాకు."

"ఏడాదిగా ఇక్కడ ఎవరికీ దొరకనిది మీకు దొరికింది. రీసెర్చ్ అంటే అదే. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో కాలేజీ సంగతి, డే కేర్ సంగతి, రెండూ రాసి తీసుకురండి."

రాసింది. పన్నెండేళ్ళ ఆద్య పక్కన కూర్చుని చదివింది.

"అమ్మా, ఇందులో 'జస్ట్' అని సిక్స్ టైమ్స్ రాశావ్. జస్ట్ కమ్యూనిటీ కాలేజ్, జస్ట్ పార్ట్‌టైమ్... వై? తీసెయ్."

రజిని ఆరూ తీసేసింది.

మరుసటి మార్చిలో సీటు వచ్చింది, స్టైపెండ్‌తో సహా. ఫోన్ చేస్తే జయంతి "నాకు తెలుసండీ" అన్నారు. రజినికి అంతకంటే పెద్ద బహుమతి అక్కర్లేదనిపించింది.

ఏప్రిల్‌లో పాత కాలేజీవాళ్ళు మాట్లాడడానికి రమ్మన్నారు. ముప్ఫై మంది ముందు నిలబడి రజిని తన పని గురించి చెప్పింది. అయ్యాక హంసిక అనే అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఆంటీ, నా గ్రేడ్స్ అంత గొప్పగా లేవు. నాకు కూడా ఎవరైనా ల్యాబ్‌లో ఛాన్స్ ఇస్తారా?"

"అడిగితే కదా తెలిసేది. ఏ ప్రొఫెసర్ పని నచ్చింది నీకు?"

ఆ అమ్మాయి ఒక పేరు చెప్పింది. రజిని కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లాప్‌టాప్ తియ్యి. మెయిల్ ఇప్పుడే రాద్దాం."