తెర మీద సాక

కల్లును పాలు చేసిన ఘనుడు మధుసూదన్. మంత్రాలేమీ వేయలేదు, తెర మీద పేరు మార్చాడు, అంతే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని లోకంలో సామెత. సిద్దిపేటలో ఆయన నడిపే యానిమేషన్ కోచింగ్ సెంటర్లో మాత్రం, సాక్షాత్తూ తాటిచెట్లెక్కే బాలయ్య కూతురు రోజారాణి కల్లు పోసి చూపిస్తే పాలన్నారు. ఆమెకు ఒళ్లు మండిందంటే మండదా మరి?

కోర్సు చివర ఒక ప్రదర్శన ఉంటుంది. నేర్చుకున్నవాళ్లంతా ఏదో ఒక ద్రవాన్ని కంప్యూటర్లో పుట్టించి, నిజమైనదానిలా కదిలించి చూపాలి. హైదరాబాదు స్టూడియో నుంచి వచ్చేవాళ్లు అందులో నచ్చినవాళ్లకు ఉద్యోగమిస్తారు. తోటివాళ్లు గ్లాసులో కూల్‌డ్రింకు, కప్పులో కాఫీ ఎంచుకున్నారు. రోజారాణి కల్లు ఎంచుకుంది. బెజ్జంకి దగ్గర ఊళ్లో పుట్టి, చెట్టు మీంచి కల్లు కుండను, అదే లొట్టిని, దించే నాయిన కాళ్ల దగ్గర ఆడుకుంటూ పెరిగిన పిల్లకు అంతకంటే బాగా తెలిసిన ద్రవం ఇంకేముంటుంది?

తెలిసినంత మాత్రాన చేతికి వస్తుందా? మొదటిసారి తెర మీద లొట్టి వంచితే, గోడ మీద సున్నం జారినట్టు జారింది. చిక్కదనం తగ్గించింది. అప్పుడు కొలత తప్పింది. చిన్న లొట్టిని కంప్యూటరు మహా జలాశయం అనుకుంది కాబోలు, కల్లు కొండపోచమ్మ సాగర్ గేట్లెత్తినట్టు బరువుగా, బద్ధకంగా దిగింది. నీళ్లెలా మసలుతాయో చూద్దామని కోమటిచెరువు కట్ట మీద కూర్చునేది. చేత్తో నీళ్లు తీసి పోసుకునేది. వచ్చే పోయేవాళ్లు ఈ పిల్లకేమైందని చూసేవాళ్లు.

కొలత సరిచేశాక కల్లుకు ప్రాణం వచ్చింది కానీ, కల్లు పోసుకుని తాగే తాటాకు దొప్ప కారడం మొదలైంది. ఆ దొప్ప పలుచన. అంత పలుచని గోడను కంప్యూటరు గోడ కిందే లెక్కపెట్టదు, ద్రవం దర్జాగా దూరిపోతుంది. కంటికి కనపడకుండా ఆకు వెనక మందమైన గోడ ఇంకొకటి కట్టి ఆ కారడాన్నీ ఆపింది. చివరికి నురగ పట్టుబడింది. అది పొంగి, అంచుకు అంటుకుని, చిటచిటా పగిలి కుదురుకుంటుంటే, చూస్తున్న ఆమె నాలుక మీద పులుపు తగిలింది.

ఇవన్నీ ఒక ఎత్తు, మొదట పడే నాలుగు చుక్కలు ఒక ఎత్తు. దొప్పలో పోయకముందు లొట్టి కాస్త వంగుతుంది, చుక్కలు నేల మీద పడతాయి, మట్టి వాటిని తాగేస్తుంది. అది సాక. ఎల్లమ్మ తల్లికి సాక పోయకుండా బాలయ్య ఇంట్లో ఎవరూ దొప్ప నోటి దాకా తీసుకుపోరు. రోజారాణి అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టింది ఆ చుక్కల మీదే.

అది చూసి మధుసూదన్ ముఖం చిట్లించాడు. పెద్దమనుషులొచ్చే చోట కల్లేమిటి, సెంటరు పరువేం కావాలన్నాడు. పాలని రాయమన్నాడు. ఆమె రాయనంది. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంది పిచ్చిది.

ప్రదర్శనకు బాలయ్యను పిలుచుకుంది. మన కల్లు తెర మీద చూద్దువు రమ్మంటే, ఆయన సాయంత్రం గీయాల్సిన చెట్లు ఇంకొకరికి అప్పజెప్పి, ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. చివరి వరుసలో కూతురి పక్కన ఒద్దికగా కూర్చున్నాడు.

ఆమె వంతు వచ్చింది. తెర మీద 'స్వచ్ఛమైన పాలు' అని పడింది. లొట్టి అదే, దొప్ప అదే. వాటిని మార్చాలంటే కంప్యూటరు చేత మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టించాలి, అంత ఓపిక మధుసూదన్‌కెక్కడిది? తాటాకు దొప్పలో పాలు తాగేవాళ్లు ఏ లోకంలో ఉన్నారో ఆయనే చెప్పాలి. సాక ఉన్న ముక్క మాత్రం శుభ్రంగా కోసేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

బాలయ్య కూతురి వైపు వంగాడు.

"గది కల్లే గద బిడ్డా. సాక గూడ పొయ్యకపోతివి."

గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. నలుగురిలో నాయిన పని చెప్పుకోవడానికి బిడ్డ సిగ్గుపడిందని ఆయన అనుకున్నాడు. అనుకుని, పోనీలే, చదువుకున్న పిల్ల కదా అన్నట్టు తలూపాడు. చెట్టెక్కే మోకుతాడు రాసుకుని కాయలు కాచిన చేతులను మెల్లగా ఒళ్లోకి లాక్కున్నాడు. ఆ చేతులు దాక్కోవడం చూశాక రోజారాణి ఇక కూర్చోలేకపోయింది.

ముందు వరుసలో స్టూడియో నుంచి వచ్చిన ఫరీహా, పాలకు ఇంత నురగేమిటని మధుసూదన్‌ను అడుగుతోంది. ఆ పిల్ల ఇంకా నేర్చుకుంటోందని, మొదట్లో చుక్కలు బయటికి కారుతుంటే తానే తీసేసి బాగుచేశానని ఆయన చెప్పుకుంటున్నాడు. చేసిన పాపానికి మెప్పు కూడా కావాలి మహానుభావుడికి.

రోజారాణి నేరుగా వెళ్లి కంప్యూటరు ముందు నిలబడి తన అసలు ఫైలు తెరిచింది. మధుసూదన్ అడ్డం వచ్చి, వచ్చే ఉద్యోగం పోగొట్టుకుంటావని పళ్లు బిగబట్టి అన్నాడు. పోతే పోనీ అనుకుంది. మీట నొక్కింది.

తెర మీద లొట్టి వంగింది. చుక్కలు నేలరాలాయి. అక్కడే ఆపేసింది.

"గివి పాలు గావు మేడమ్. మా నాయిన గీసే కల్లు," అంది. "గా చుక్కలు కారినయి గావు. సాక. ఎల్లమ్మకు పొయ్యంది మేం తాగం. కారుడు ఎట్ల ఆపాల్నో నాకు తెల్సు, దొప్పకు ఆపిన. గివి పొయ్యాల్నని పోసిన. పాలని రాసింది నేను గాదు."

ఆఖరి మాట ఫరీహాకు చెప్పింది కాదు. చివరి వరుసకు చెప్పింది.

మధుసూదన్ మైకు తీగను అనవసరంగా సర్దాడు. ఫరీహా కుర్చీలో ముందుకు జరిగి, మట్టిలో సగం ఇంకిన చుక్కల వైపు కళ్లు చిన్నవి చేసి చూస్తోంది. ఉద్యోగమిస్తుందో ఇవ్వదో ఆ ముఖంలో తెలియలేదు. రోజారాణి ఆ ముఖం వైపు చూడనూ లేదు.

చివరి వరుసలో బాలయ్య లేచి నిలబడ్డాడు. ఒళ్లో దాచుకున్న చెయ్యి పైకి తీసి, తెర మీది మట్టి వైపు చూస్తూ నుదుటికి తాకించుకున్నాడు. చెట్టు మీంచి కిందివాళ్లకు వినపడేలా మాట్లాడే అలవాటున్న గొంతు అది. హాలంతా వినపడింది.

"ఇగ దొప్పల పొయ్యి బిడ్డా."

ఆమె మీట నొక్కింది.