ప్రిన్స్ చూపు సోకిన నల్లబంతి

పొద్దున పదింటికి ప్రిన్స్ ఇస్త్రీ చేసిన వేస్ట్‌కోటు తొడుక్కుని, శంషాబాద్‌లో బిర్యానీ హోటల్ పైనున్న స్నూకర్ క్లబ్బుకు నడిచిపోయేవాడు. మే నెల ఎండలో అలాంటి కోటు తొడిగేవాళ్లు ఊళ్లో ఇద్దరే. ప్రిన్స్ ఒకడు, పెళ్లి బ్యాండులో బాకా ఊదేవాడు ఒకడు. బాకా ఊదేవాడికి చివర్లో భోజనమైనా పెడతారు.

ప్రిన్స్ ప్రొఫెషనల్ ఆటగాడు. రెండేళ్లు విదేశాల టూర్‌లో ఆడాడు. ఆడాడంటే, పోయినచోటల్లా మొదటి రౌండులోనే ఓడి దొరికిన విమానంలో తిరిగొచ్చాడు. ఇల్లు ఎయిర్‌పోర్టు పక్కనే కనుక ఓటమి నుంచి గుమ్మానికి దారి దగ్గర. అయినా ఆ రెండేళ్లూ అతని మెడను వంగకుండా చేసిపోయాయి. అప్పటినుంచి లోకంలో ప్రతిదీ అతనికి చులకనే.

అతను చులకనగా చూసింది ఏదైనా ఒక అంగుళం వెనక్కి జరిగేది. ఇది ఊరందరికీ అలవాటైపోయింది. హోటల్ కుర్మయ్య అతనికి చాయ్ గ్లాసును బల్లకు అదిమిపట్టి ఇచ్చేవాడు. ఆరాంఘర్ చౌరస్తాలో ఆటోవాళ్లు అతన్ని చూడగానే బ్రేకు తొక్కేవాళ్లు. ఆరాంఘర్‌లో ఆటోలు ఏదో ఒక వైపు కదలడమే గొప్పనుకోండి, అది వేరే సంగతి. భార్య జెన్నిఫర్ మంచాన్ని గోడకు ఆనించి వేయించింది.

ఒక్క స్నూకర్ బంతులనే అతను భక్తిగా చూసేవాడు. అవీ మర్యాదగా ఉన్నచోటే ఉండేవి.

ఆ ఏడాది రాష్ట్రం నుంచి ఒక్కడినే టూర్ ఎంపికకు పంపుతామన్నారు. ఆ ఒక్కడెవరో తేల్చే ఫైనల్ ఈ క్లబ్బులోనే. ప్రిన్స్‌కు నలభై దగ్గర పడ్డాయి. మళ్లీ ఇలాంటి అవకాశం రాదు.

"గెలిస్తె టూర్‌కు పో. ఓడితె మా తమ్ముని మొబైల్ షాపుల కూసో. ఇగ ఇంకో మాట లేదు," అంది జెన్నిఫర్.

"నన్ను షాపుల కూసోమంటవా? నేను ఏయే దేశాలల్ల ఆడిన్నో ఎర్కేనా నీకు?"

"ఎర్కే. ఏయే దేశాలల్ల ఓడినవో గుడ ఎర్కే."

ప్రిన్స్ ఒక చూపు చూశాడు. జెన్నిఫర్ గరిటెతో సహా అంగుళం వెనక్కి జరిగి, అక్కడినుంచే చెయ్యి చాచి కూర కలుపుకుంది.

ఫైనల్లో ఎదుటివాడు హరిప్రసాద్. మహేశ్వరం వైపు ప్లాట్లు అమ్మే బ్రోకర్. రోడ్డు లేని ప్లాటుకు రోడ్డు చూపించే మనిషి. ఆటా అంతే. బాలాపూర్ లడ్డు వేలంలో పాట పెంచినట్టు ముందు గట్టిగా బాదేవాడు, బంతి ఎటు పోతుందో తర్వాత చూసుకునేవాడు. దిక్కులేక తిరిగి తిరిగి అది బల్ల అంచునున్న ఏదో ఒక పాకెట్ కన్నంలో పడేది.

"ఏంది ప్రిన్సన్నా, కోటుల ఉడకపోస్తలేదా?"

"ఆట రానోళ్లతోని నేను మాట్లాడ."

"మంచిదే. బంతులతోనే మాట్లాడు. నీ ముంగట నిలవడేటియి గవ్వే."

ఆఖరి ఫ్రేము దాకా ఇద్దరూ సమానంగా వచ్చారు. చివరికి బల్ల మీద కొట్టే తెల్లబంతి, వేయాల్సిన నల్లబంతి మిగిలాయి. నల్లదాన్ని వేసినవాడిదే టూర్. హరిప్రసాద్ బాదిన బాదుడుకు అది బల్లంతా తిరిగి, మూల పాకెట్ అంచున ఆగింది. ముక్కు చీదుకుంటూ కూడా వేయగలిగిన బంతి.

ప్రిన్స్ వంగి, క్యూ కర్ర గురిపెట్టాడు. 'ఛీ, గిదా? గింత అల్క బంతి కోసమా నా ఇన్నేండ్ల ఆట?' అనుకున్నాడు.

నల్లబంతి అంగుళం వెనక్కి జరిగి, దానంతట అదే పాకెట్‌లో పడిపోయింది.

"పడ్డది!" అన్నాడు ప్రిన్స్.

"నువ్వు కొట్టలే గద," అన్నాడు రిఫరీ రాఘవేందర్. బంతిని తీసి, తుడిచి, మళ్లీ అంచున పెట్టాడు. రూలు అదే. కొట్టకముందే పడితే లెక్కలోకి రాదు.

ప్రిన్స్ మళ్లీ వంగాడు. బంతి మళ్లీ పడింది. రాఘవేందర్ మళ్లీ పెట్టాడు.

"జర ఇజ్జత్‌తోని చూడన్నా," అన్నాడు హరిప్రసాద్. "పెండ్లికి వచ్చిన పెద్దమనిషిని చూసినట్టు చూడు."

ప్రిన్స్ ప్రయత్నించాడు. పళ్లు బిగబట్టి, గౌరవం తెచ్చుకుని బంతిలోకే చూశాడు. దాని నునుపులో చిన్నగా ఒక మనిషి కనిపించాడు. చెమటపట్టిన నుదురు, బిగుసుకున్న కోటు, అంచున ఉన్న బంతిని వేయలేని చెయ్యి. ఆ మనిషిని అతను చూసినంత చులకనగా ఇంతవరకు దేన్నీ చూడలేదు. చూస్తూనే కొట్టాడు.

నల్లబంతి కదల్లేదు. ప్రిన్సే అంగుళం వెనక్కి జరిగాడు. క్యూ మొన తెల్లబంతిని తాకీ తాకనట్టు తాకింది. అది నాలుగు వేళ్ల దూరం దొర్లి, నల్లదాన్ని ముట్టకుండానే ఆగింది.

"ఫౌల్," అన్నాడు రాఘవేందర్. నల్లబంతి ఒక్కటే మిగిలినప్పుడు ఫౌల్ చేస్తే ఆట అక్కడితో సరి. హరిప్రసాద్ క్యూ ఎత్తకుండానే గెలిచాడు.

చప్పట్లు మోగాయి. ప్రిన్స్ ఆ నల్లబంతిలోని మనిషి మీద నుంచి కళ్లు తిప్పలేదు. అంగుళం తర్వాత అంగుళం వెనక్కి పోతూనే ఉన్నాడు. కుర్చీలు దాటాడు. గుమ్మం దాటాడు.

హరిప్రసాద్ చేతికిచ్చిన కప్పు పక్కన పడేసి ఉరికివచ్చి రెక్క పట్టుకున్నాడు.

"ఏడికి పోతున్నవన్నా? ఎనక మెట్లున్నయ్!"

ప్రిన్స్ తలెత్తి అతని ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. హరిప్రసాద్ ఉన్నచోటే ఉన్నాడు.