వానలో దాహం

పొద్దున లేవగానే నా మొదటి పని సీసాలు నింపడం. మా కిష్టారెడ్డిపేటలో బోరు నీళ్లు నోట్లో పోసుకునేలా ఉండవు. తాగడానికి క్యాన్ నీళ్లే. ఆ క్యాన్ వంచి మా ఆయన రాంచందర్ జిన్నారంలో డ్యూటీకి పట్టుకెళ్లే పెద్ద సీసా నింపుతాను. అత్తమ్మ మంచం పక్కన పెట్టే చెంబు నింపుతాను. హాస్టల్ నుంచి సెలవులకు వస్తే మా అమ్మాయి నిహారిక సీసా నింపుతాను. చివరికి నాదీ నింపుతాను. కాకపోతే నా సీసా నిండుగా వెళ్లి నిండుగానే ఇంటికొస్తుంది. సాయంత్రం ఆ నీళ్లను కరివేపాకు చెట్టుకు పోస్తాను. చెట్టు మాత్రం బాగా పెరిగింది.

నేను సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. క్లీన్‌రూమ్‌లో పని. లోపలికి వెళ్లాలంటే నెత్తికి టోపీ, మూతికి మాస్కు, ఒళ్లంతా తెల్ల గౌను, చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు. కళ్లు తప్ప మనిషి కనబడదు. ఒకసారి అన్నీ తొడుక్కుని లోపలికి వెళ్లాక బాత్రూంకు పోవాలంటే అన్నీ విప్పాలి, వచ్చి మళ్లీ కొత్తవి తొడుక్కోవాలి. ఈలోపు లైను నెమ్మదిస్తుంది. అప్పుడు సూపర్‌వైజర్ భీమశంకరం గారు తల తిప్పి చూస్తారు. ఆయన ఎవర్నీ తిట్టరు. "ఇప్పుడే కదమ్మా లోపలికొచ్చారు?" అంటారంతే. లైనులో ఉన్న కళ్లన్నీ మన వైపు తిరుగుతాయి. ఆ మాట ఒకసారి పడ్డాక రెండోసారి ఎవరూ లేవరు. నీళ్లు తాగొద్దని మాకు ఎవరూ చెప్పలేదు, మాకు మేమే మానేశాం. బాయిలర్ దగ్గరి మగవాళ్లు మాత్రం షెడ్డు వెనక్కి ఎన్నిసార్లు వెళ్లొస్తారో లెక్కే లేదు, వాళ్లనెవరూ ఏమీ అనరు.

నిజానికి ఆ చదువు నాకు కంపెనీలో మొదలవలేదు. పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ ముత్యమ్మ చెప్పింది. "బస్సెక్కే ముందు నీళ్లు తాగకు బిడ్డా. నడుమల ఆపమంటే ఎవడాపుతడు?" ఆమె చేలో కలుపు తీసిన రోజుల్లో పొద్దు గూకేదాకా గొంతు తడుపుకునేది కాదట. చుట్టూ మగవాళ్లు, చాటుకు పొద కూడా ఉండేది కాదు. ఆ మాట ఆమె ప్రేమతోనే చెప్పింది. నేనూ ఎదురడగకుండా నేర్చుకున్నాను.

వానాకాలంలో మెషీన్ల రిపేరుకని కంపెనీ కొన్ని రోజులు మూస్తారు. ఈసారి ఆ సెలవుల్లో సహ్యాద్రి కొండల్లో నడుద్దామని అలేఖ్య అంది. అలేఖ్య మా లైనులో చిన్నది, పెళ్లి మాట ఎత్తితే ఫోను చూసుకునే పిల్ల. ఒక కోట దగ్గర మొదలుపెట్టి కొండల మీదుగా ఇంకో కోట దాకా నడవాలి, రాత్రిళ్లు దారిలో పల్లెల్లో ఎవరింట్లోనైనా పడుకోవాలి, దారి చూపే మనిషి అక్కడే దొరుకుతాడు. దుర్గక్క వెంటనే సరేనంది. దుర్గాదేవి అని విశాఖపట్నం వైపు మనిషి, భర్త పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. నేను కూడా వస్తానన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానమొచ్చింది.

రాంచందర్ అన్నం తింటూ విన్నాడు. "నడుస్తందుకు పైసలు పెట్టుకొని పోతరా ఎవరన్న? పొద్దంత ఇంట్ల నడుస్తలేవా?"

"ఇంట్ల ఎంత నడిచినా మళ్ల వంటింట్లకే వస్తున్న," అన్నాను.

"గుట్టలెక్కే వయసా నీది? నలుగురు నవ్వుతరు."

"పోయినేడు నువ్వు దోస్తులతోని గోవా పోయినప్పుడు ఎవరన్న నవ్విండ్రా?"

ఆయన కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు. ఆ కంచం కూడా నేనే తీశాను. తీస్తూ తీస్తూ, వెళ్లి తీరతాను అనుకున్నాను.

అత్తమ్మ గురించే నాకు బెంగ. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. మాది పాత ఇల్లు, బాత్రూం వాకిలి అవతల ఉంటుంది. రాత్రి ఆమె పిలిచినప్పుడల్లా నేను లేచి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. వెళ్లే ముందు, "ఆయన్ను లేపు అత్తమ్మా, మొహమాటపడకు," అని చెప్పాను. "ఆ, లేపుత తియ్. నువ్వు మంచిగ పోయి రా," అంది మొహం అటు తిప్పుకుని. చెంబు నింపి మంచం పక్కన పెట్టి బయల్దేరాను.

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు మీద బస్సెక్కాం. ఎక్కే ముందు నీళ్లు తాగలేదు, వేరే చెప్పాలా. దుర్గక్క ముగ్గురి సామానూ వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మెషీన్ మీద సీలు వేయించుకొచ్చింది. బట్టలు, అటుకులు, చపాతీలు, చివరికి సబ్బుబిళ్ల కూడా. మా పని మాకు బాగా వచ్చు. కత్తెర పెట్టుకోవడం మాత్రం ముగ్గురమూ మర్చిపోయాం. కొండ కింద పల్లెలో మొదటి రోజు చపాతీల కవరు పళ్లతో చింపుతుంటే ఆ ఇంటావిడ మరాఠీలో ఏదో అని పడీపడీ నవ్వింది. "మన సీలు ఎంత గట్టిదో చూశారా," అని దుర్గక్క గర్వపడింది.

ఆ వానను ఎలా చెప్పాలో నాకు తెలియదు. మా దగ్గర వాన పడితే ముందు కంపెనీల వాసన లేస్తుంది, తర్వాత రోడ్డు మునుగుతుంది. అక్కడ పైనుంచి పడేది వాన, పక్కనుంచి కొట్టేది వాన, కాళ్ల కింద పారేదీ వానే. ప్రతి రాయి మీదా నీళ్లు జారుతున్నాయి. దారి చూపే పెద్దాయన గోనెసంచి నెత్తిన వేసుకుని పొగమంచులో ముందు నడుస్తున్నాడు. ఇన్ని నీళ్ల మధ్య నేను రెండో రోజు మధ్యాహ్నం దాకా రెండే రెండు గుక్కలు తాగాను. ముందు ఆయన ఉన్నాడు, వెనక వేరే గుంపు కుర్రాళ్లు వస్తున్నారు, ఎక్కడికని పోతాను? సీసా నిండుగా సంచిలో ఉంది. ఇంటి దగ్గర ఎలా ఉంటుందో అలాగే.

ఒక ఎక్కుడు దగ్గర పిక్కలు పట్టేశాయి. కళ్లు చీకట్లు కమ్మి బండ మీద కూలబడ్డాను. దుర్గక్క వెనక్కి వచ్చి నా నాలుక చూసింది, సీసా చూసింది.

"పొద్దుటి నుంచీ ఒంటేలుకు వెళ్లావా?"

"లేదక్కా."

"నీళ్లు?"

నేను సీసాను సంచిలోకి తోయబోయాను.

"పిచ్చిదానా, ఇక్కడ భీమశంకరం గారు ఉన్నారా ఏమిటి? నాకు కిడ్నీలో రాయి తీశాక డాక్టరేమడిగాడో తెలుసా? మీ ఇంట్లో నీళ్లు దొరకవా అమ్మా అని. ఏం చెప్పను? దొరుకుతాయండీ, అందరికీ నేనే పోస్తాను అన్నాను. తాగు ముందు."

సీసా మొత్తం తాగాను. తర్వాత రాళ్ల మీంచి దూకే ధార కింద దోసిలి పట్టి మళ్లీ తాగాను. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. కాసేపటికి లేచి బండ వెనక్కి వెళ్లాను. అలేఖ్య గొడుగు అడ్డం పట్టబోయింది. గాలికి అది తిరగబడింది. "వదిలెయ్ అక్కా, ఎవరు చూస్తారు? చూస్తే చూసుకోనీ," అంది. ఆకాశం కింద, అంత వానలో, ఎవరి కళ్లూ నా మీద లేకుండా, ఎవరి లైనూ ఆగకుండా కూర్చున్నాను. హాయిగా అనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం. ఈపాటి సుఖానికి నేను ఇంత దూరం, ఇంత ఎత్తు రావాల్సి వచ్చిందా? ఎవరి కోసం ఎండబెట్టాను ఈ ఒంటిని? తిరిగొచ్చిన నన్ను చూసి దుర్గక్క నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత అలసట తెలియకుండా నడిచాను.

సాయంత్రం ఒక పల్లెలో ఆగాం. పశువుల కొట్టం పక్కన ఒక మూల ఫోనుకు సిగ్నలు దొరికింది. రాంచందర్ చాలాసార్లు చేశాడు. నేను చేయగానే అరిచాడు.

"యాడ సచ్చినవే? అమ్మ కండ్లు తిరిగి పడ్డది. జల్దీ బయల్దేరు."

"దెబ్బ తాకిందా? దవఖానకు తీస్కపోయినవా?"

"దెబ్బేం తాకలే. నువ్వొస్తే తీస్కపోదమని చూస్తున్న. నాకు డ్యూటీ ఉన్నది గద."

"అత్తమ్మకు ఫోనియ్యి."

ఆమె గొంతు పీలగా వచ్చింది. "ఏం లేదు బిడ్డా, గింత కండ్లు తిరిగినయ్ గంతే. నువ్వు పరేషాన్ గాకు."

"నీళ్లు తాగుతున్నవా?"

"నువ్వు తిన్నవా బిడ్డా?" అని మాట మార్చింది.

"అత్తమ్మా, నేను నింపిపెట్టిన చెంబు అట్లనే ఉన్నదా?"

"ఈడ గూడ వాన బిడ్డా, వాకిలంత జారుడుంది. నీళ్లు తాగితే రాత్రి లేవాలె." గొంతు తగ్గించింది. "మొగపిలగాన్ని ఎట్ల లేపుత? సిగ్గు గాదా?"

కొట్టం గోడకు ఆనుకుని నిలబడిపోయాను. మధ్యాహ్నం బండ మీద కూలబడింది నేనా, ఆమెనా? కడుపు మాడ్చుకునే ఆడవాళ్ల గురించి అందరూ చెబుతారు. గొంతు ఎండబెట్టుకునే వాళ్ల గురించి ఎవరూ చెప్పరు, మేమే చెప్పుకోం. నా పక్కన అలేఖ్య అప్పటికే సంచి సర్దుతోంది. "పొద్దున్నే బస్సుందంట అక్కా. వెళ్లిపోదాం, ఏం కాదు." నేనూ ఒక నిమిషం వెళ్లిపోదామనే అనుకున్నాను. వెళ్తాను, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, అంతా మామూలవుతుంది. మళ్లీ ఎప్పుడైనా గడప దాటితే చెంబు మళ్లీ అలాగే ఉంటుంది.

ఫోన్లో మళ్లీ ఆయన గొంతు. "ఏమంటవ్ మరి? వస్తున్నవా?"

"ముందు అత్తమ్మను ఆటో ఎక్కిచ్చి దవఖానకు తీస్కపో. ఇప్పుడే. నీళ్లు తాగకనే గట్లయింది. ఇంటికొచ్చినంక తాపు. రాత్రి ఆమె లేస్తే చెయ్యి పట్టుకొని బాత్రూంకు తీస్కపో."

"నేనా? అమ్మను? మొగోన్ని, నేనెట్ల తీస్కపోతనే?"

"చెయ్యి పట్టుకొని తలుపు దాక తీస్కపోతవ్. బయట నిలబడుతవ్. మళ్ల చెయ్యి పట్టుకొని తీస్కొస్తవ్. గింతే పని."

"అది గాదు గని, నిహారికను హాస్టల్‌కెల్లి తెస్త. నువ్వొచ్చేదాక అది చూసుకుంటది."

అప్పటిదాకా నాలో కొంచెం బెరుకు ఉంది. ఆ మాటతో అది కూడా పోయింది. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లను లాక్కొచ్చి వాకిట్లో నిలబెడతాడట, తను మాత్రం దుప్పటి తీయడట.

"నా బిడ్డను హాస్టల్ దాటిచ్చినవో, నేను ఈ గుట్ట దిగి ఇంకో గుట్టెక్కుత. సమజైందా? చిన్నప్పుడు నీ ముడ్డి కడిగిన చెయ్యే అది. పట్టుకుంటే నీ మొగతనమేం అరిగిపోదు. నేను రాను. నా నడక అయినంకనే వస్త."

ఫోను పెట్టేశాను. దుర్గక్క చెంబుతో నీళ్లు అందించింది. అన్నం కంచం పట్టుకుని మళ్లీ సిగ్నలున్న ఆ మూలకే వెళ్లి కూర్చున్నాను. చీకటి పడుతుండగా ఫోటో వచ్చింది. అత్తమ్మ చేతికి సెలైన్, పక్కన స్టూలు మీద రాంచందర్. ఒంట్లో నీళ్లు తగ్గాయన్నారట, భయం లేదన్నారట. ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. అది మా లైనులో ప్యాకయిందో, ఇంకెక్కడిదో. ఎక్కడిదైనా దాన్ని కవరులో పెట్టింది నాలాగే నీళ్లు మానుకున్న ఆడదే అయ్యుంటుంది.

చివరి కోట మీద మంచు తప్ప ఏమీ కనబడలేదు. ఇంతా చేసి ఏమీ కనబడలేదే అని అలేఖ్య వాపోయింది. నాకు మాత్రం అక్కడికి చేరడమే కావాలి. చేరాను.

ఇంటికొచ్చేసరికి రాంచందర్ మొహం ముడుచుకుని టీవీ చూస్తున్నాడు. అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"మొదటి రాత్రి మొకం అటు తిప్పుకొని నడిచిండు బిడ్డా. నాకూ సావొచ్చినట్లయింది. రెండో రాత్రి, అమ్మా జెర మెల్లగ, జారుతది అన్నడు. సూడు, ఇప్పుడు వాకిట్ల లైటు గూడ పెట్టిండు." తర్వాత చెంబు వంచి చూపించింది. అది ఖాళీగా ఉంది.

మర్నాడు పొద్దున క్యాన్ వంచి నా సీసా నింపుకున్నాను. అక్కడే నిలబడి సగం తాగి, మళ్లీ నింపుకున్నాను. రాంచందర్ వచ్చి తన సీసా ఊపి చూశాడు. "నాది నింపలే?"

"క్యాన్ ఆడనే ఉన్నది," అన్నాను చెప్పులేసుకుంటూ.

కంపెనీ బస్సులో సీసా ఖాళీ చేశాను. గేటు దగ్గర దుర్గక్క సీసాలోంచి ఇంకాస్త తాగాను. టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు, బూట్లు, అన్నీ తొడుక్కుని లోపలికి వెళ్లాను. లైను నడుస్తోంది. కాసేపటికి చేతిలో గొట్టం కింద పెట్టి లేచాను. భీమశంకరం గారు తల తిప్పి చూశారు. లైనులో కళ్లన్నీ నా వైపు తిరిగాయి.

"ఇప్పుడే కదమ్మా లోపలికొచ్చారు?"

"అవును సార్," అన్నాను తలుపు వైపు నడుస్తూ. "నీళ్లు తాగి వచ్చిన."