వాగు మీది గుడ్లగూబ

పక్షుల్ని చూసేవాళ్ళకు ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున, రౌసు వైపు, ఒక పద్ధతి ఉంది. వాగుల్లో చేపలు పట్టి బతికే అరుదైన చేపల గుడ్లగూబ గూడు తెలిసినవాడు తన కారును ఆ దగ్గర్లో ఆపడు. ఎక్కడో సముద్రపు ఒడ్డున, ఎవరికీ అనుమానం రాని చోట ఆపి, మిగతా దూరమంతా మంచులో నడిచి పోతాడు. కారును చూసి ఒకడు, వాడిని చూసి పదిమంది కెమెరాలు భుజాన వేసుకుని దిగిపోతారని భయం. ఆ చోటు కట్టుకున్న భార్యకైనా చెప్పకూడదు. తకెహికో కూడా తన భార్య ఒరియెకు చెప్పలేదు.

క్రితం ఏడు, సముద్రం మీద మంచుపలకలు సడలే రోజుల్లో, చీకటి పడ్డా తకెహికో ఇంటికి రాలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళంతా కారు దొరికిన ఒడ్డు చుట్టూనే వెతికారు. అతను అక్కడికి చాలా దూరాన, కొండల్లోంచి వచ్చే వాగు పక్కన, కాలు విరిగి పడి ఉన్నాడు. ఆ సంగతి ఊహించగలిగినవాడు రౌసు ఊళ్ళో ఒక్కడే, ముసలి గెన్సాకు. జీవితమంతా సాల్మన్ చేపల వలలు లాగి బతికినవాడు. తకెహికోకు ఆ గూడు చూపించింది కూడా ఆయనే.

గెన్సాకు నోరు విప్పలేదు. అది గుడ్లు పొదిగే కాలం. మంచు మీద నడిచే మోటారు బండ్లూ దీపాలూ కుక్కలూ వాగు వెంట పోయాయంటే తల్లిపక్షి లేచిపోతుంది. ఆ చలిలో గుడ్లు చూస్తుండగానే గడ్డ కట్టుకుపోతాయి. తానొక్కడే వెళ్ళి తీసుకొద్దామనుకున్నాడు. మంచు మీద చేపలు లాగే చెక్కబండి తాడు నడుముకు కట్టుకుని, ఆ ముసలి కాళ్ళతో వెళ్ళాడు. తెల్లవారేసరికి తకెహికోను వాగు మీది వంతెన దాకా లాక్కొచ్చాడు. అప్పటికి ప్రాణం లేదు.

"ముందే చెప్పి ఉంటే బతికేవాడేమో" అని ఊరు అనుకుంది. గెన్సాకు మొహం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఒరియె మాత్రం అనలేదు. అనడానికి నోరు రాకముందే ఆయన ఒకరోజు గుమ్మం ముందుకు వచ్చి, టోపీ చేతిలో నలుపుతూ, "గుడ్డు పగిలిందమ్మాయ్. పిల్ల ఒక్కటే" అన్నాడు.

ఆ మాటకు ఒరియె అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అంత్యక్రియలప్పుడు రాని ఏడుపు అది. భర్త పోయాడు, అది బతికింది. కొండంత మనిషికి బదులు ఒక పిట్టపిల్ల. సమానమా అంటే కాదు. కానీ ఏమీ లేకపోవడం కంటే నయమే కదా.

అప్పటినుంచి గెన్సాకు చేపలు పట్టుకొచ్చినప్పుడల్లా పిల్ల కబురు కూడా తెచ్చేవాడు. గూడు అంచు మీదికి వచ్చి కూర్చుందన్నాడు. ఎగరబోయి తుప్పల్లో పడిందన్నాడు. నీళ్ళలో కాలు పెట్టి, చేప తగలగానే భయపడి వెనక్కి గెంతిందన్నాడు. ఆ రోజు ఒరియె నవ్వింది కూడా. తనకూ చూపించమని ఎన్నిసార్లో అడిగింది. "ఇప్పుడు కాదమ్మాయ్" అనేవాడు ఆయన. ఒకసారి ఈకలు మారుస్తోందనీ, ఒకసారి ఎలుగుబంట్లు తిరుగుతున్నాయనీ.

తకెహికో నడిపిన బండినే ఒరియె నడుపుతోంది ఇప్పుడు. విమానం దిగిన అతిథుల్ని ఎక్కించుకుని, పక్షుల్ని చూపిస్తూ, పాడి ఊళ్ళ మీదుగా, హంసలు దిగే ఉప్పునీటి సరస్సు మీదుగా, ఇసుకమేట చుట్టి, ఒడ్డు వెంట రౌసు చేరడం ఆ దారి. ఏ స్తంభం మీద ఏ గద్ద కూర్చుంటుందో, ఏ కొట్లో పొద్దున్నే వేడి రొట్టెలు దొరుకుతాయో భర్త పక్కన కూర్చుని తిరిగిన రోజుల్లోనే పట్టుబడింది. వాగు మీది వంతెన కూడా ఆ దారిలోనిదే. అక్కడికి రాగానే ఒరియె కళ్ళు రోడ్డు మీదే ఉంచేది. వాగు వెంట పైకి నడిస్తే ఆ చోటు దొరుకుతుందని ఆమెకు తెలుసు. వెళ్ళలేదు. భర్త చెప్పకూడదనుకున్న చోటికి తనంతట తాను పోవడం దొంగతనంలా అనిపించేది.

ఆ రోజు బండిలో ఒసాకా నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు. నిషివాకి గారు బడిపంతులుగా చేసి మానేసిన మనిషి. భార్య సుమియె నోరు తెరిచిందంటే చల్లటి బండిలో పొయ్యి వెలిగించినట్టే.

"ఎడమ పక్క చూడండి, కరెంటు స్తంభం మీద" అంది ఒరియె, బండి నెమ్మది చేస్తూ.

"ఏదీ? ఏదీ?" అంటూ నిషివాకి సంచీలో కెమెరా కోసం తడుముకున్నాడు. కెమెరా బయటికొచ్చేసరికి స్తంభం ఖాళీ.

"ఈయన సంచీ విప్పేలోపు గద్దకు పిల్లలు పుట్టి, వాటికి పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి" అంది సుమియె.

"నువ్వు అరవకపోతే కూర్చునేది."

"అవునులెండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ జీవితంలో ఎగిరిపోయినవన్నీ నా వల్లే!"

ఒరియెకు నవ్వొచ్చింది. తకెహికో ఉంటే ఇలాంటివాళ్ళను మరో రెండు స్తంభాలు ఎక్కువ తిప్పేవాడు.

మధ్యాహ్నం దాటాక రౌసు చేరారు. సత్రం వరండాలో గెన్సాకు చేపల బుట్ట దించుతున్నాడు. అతిథులు లోపలికి వెళ్ళాక ఒరియె దగ్గరికి వచ్చాడు.

"ఈ చలి విరగ్గానే పిల్ల వెళ్ళిపోయేట్టుంది అమ్మాయ్" అన్నాడు. "రెక్కలొచ్చాయి. తల్లీతండ్రీ తరిమేస్తున్నారు. తన వాగు తాను వెతుక్కోవాలి కదా."

"వెళ్ళిపోతే మళ్ళీ కనపడదా బాబాయ్?"

"ఏ కొండ దాటుతుందో ఎవరికి తెలుసు?"

"అయితే ఇవాళ చూపించు. ఇంకా గుడ్లు పెట్టే రోజులు రాలేదు. దూరం నుంచే చూస్తాను. ఊపిరి కూడా పీల్చను."

"మోకాళ్ళు బాగాలేవు ఇవాళ" అన్నాడు గెన్సాకు. ఆమె వైపు చూడకుండా బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల వెళ్ళిపోతే తకెహికో పోయినందుకు మిగిలినదేదీ ఇక కళ్ళతో చూసే వీలుండదు. అతిథులు వేడినీళ్ళ స్నానానికి వెళ్ళారు. ఇంకా పొద్దుంది. ఆమె తన బండిని వంతెన దగ్గరకు తీసుకెళ్ళలేదు. పద్ధతి ప్రకారం పడవల రేవు దగ్గర ఆపి, మంచుబూట్లు కట్టుకుని నడిచింది.

వంతెన పక్కనుంచి వాగు వెంట పైకి పోతుంటే రోడ్డు చప్పుడు తొందరగానే ఆగిపోయింది. మంచు కింద నీళ్ళు పారుతున్న సద్దు మాత్రం ఉంది. వెళ్ళగా వెళ్ళగా ఎదురుగా మనిషి అడుగుల జాడ కనిపించింది. పక్కదారిలో కొండ మీదుగా దిగొచ్చిన జాడ అది. కొత్తది. మోకాళ్ళు బాగాలేవన్న మనిషిది.

ఒరియె ఆ జాడను వదిలి, దేవదారు చెట్ల మాటున వంగి నడిచింది. కాస్త దూరాన వాగు విశాలమై మడుగు కట్టిన చోట పెద్ద ఓక్ చెట్టు ఉంది. ఇద్దరు చేతులు చాపినా అందని మాను. దానిమీద, ఎక్కలేనంత ఎత్తున, గూటి కోసం బిగించిన పీపా ఉంది. చెట్టు మొదట్లో గెన్సాకు చాప పరుచుకుని కూర్చున్నాడు.

ఆమె కదలకుండా నిలబడింది. తకెహికో ఈ చెట్టునే చూస్తూ సాయంత్రాలు గడిపి ఉంటాడు. ఎక్కడ పడ్డాడో అడగకుండానే తెలిసింది. మడుగు గట్టు అంచున మంచు చూరులా వేలాడుతోంది. కింద బండలు.

కొండ వెనక్కి పొద్దు దిగింది. గెన్సాకు రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టుకుని, లోపలి గొంతుతో, "బో... బో" అన్నాడు. మగపక్షి కూత అది. ఆడపక్షి ఉంటే మరుక్షణంలో "వూ" అని అందుకోవాలి. రెండూ ఒకే గొంతులా వినపడతాయని తకెహికో చెప్పేవాడు.

ఏదీ అందుకోలేదు.

ముసలాయన మళ్ళీ పిలిచాడు. చెవి ఆ వైపు పెట్టి విన్నాడు. మళ్ళీ పిలిచాడు. ఎదురుచూసినంతసేపూ ఆయన వీపు కాస్త ముందుకు వంగి ఉండేది. జవాబు రాదని తెలిశాక వెనక్కి వాలేది. అంతలోనే మళ్ళీ వంగేది.

అప్పుడు ఒరియె చుట్టూ చూసింది. పక్షుల మనిషి పెళ్ళాం కాబట్టి చూడటం తెలుసు. చేపల గుడ్లగూబ నేల మీద నడుస్తుంది. మడుగు గట్టున అరచెయ్యంత పాదాల గుర్తులుండాలి, ఎగిరిన చోట రెక్కల చారలుండాలి. మొన్న కురిసిన మంచు మీద నక్క జాడ తప్ప ఏమీ లేదు. పీపా మూతికి అడ్డంగా మంచుకడ్డీలు దిగి, ఒకదానితో ఒకటి అతుక్కుపోయాయి. పక్షి వచ్చిపోయే వాకిలి కాదది. ఇవాళో నిన్నో మూసుకుపోయిందీ కాదు. పీపా పైన నాచు పట్టింది. కొత్తగా గీరిన గుర్తు ఒక్కటి లేదు.

ఎగరబోయి తుప్పల్లో పడిన పిల్ల లేదు. నీళ్ళకు భయపడి గెంతిన పిల్ల లేదు.

కాళ్ళు మొద్దుబారేదాకా ఆమె అలాగే నిలబడింది. ముసలాయన ఇంకా పిలుస్తుండగానే, వచ్చిన దారిన వెనక్కి నడిచింది.

మర్నాడు పొద్దున సత్రంలో అందరూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. సాల్మన్ గుడ్లు పోసిన వేడన్నం, పీతల పులుసు. రేవులో పడవ ఎక్కి మంచుపలకల మీది గద్దల్ని చూడబోతున్నారు. గెన్సాకు చేపలిచ్చి, సత్రం నడిపే ఆమె బలవంతం మీద బల్ల చివర కూర్చుని పులుసు తాగుతున్నాడు.

"నిన్న సాయంత్రం నడుము దాకా మంచుతో వచ్చారేమిటి ఒరియె గారూ? ఎక్కడికి వెళ్ళారు?" అంది సుమియె.

"గుడ్లగూబను చూడటానికి."

గెన్సాకు చేతిలో గిన్నె ఆగింది.

"అయ్యో, మమ్మల్నీ తీసుకెళ్ళకూడదూ!" అన్నాడు నిషివాకి.

"మిమ్మల్ని తీసుకెళ్తే సంచీ చప్పుడుకే పారిపోయేది" అని భర్తను కసిరి, "కనిపించిందా మరి?" అంది సుమియె.

ఒరియె అన్నం మీది గుడ్లను చూసింది.

"కనిపించింది. పోయినేడు పుట్టిన పిల్ల. నీళ్ళలో కాలు పెట్టి చేప తగలగానే భయపడేదట చిన్నప్పుడు. ఇప్పుడు బాగా పెరిగింది. ఇవాళో రేపో తన దారి తాను చూసుకుంటుంది."

"ఎంత అదృష్టమండీ!" అంది సుమియె.

గెన్సాకు గిన్నె కింద పెట్టాడు. తాగనే లేదు. లేచి బయటికి వెళ్ళాడు. అతిథులు కోట్లు వేసుకోవడానికి గదికి వెళ్ళాక ఒరియె కూడా బయటికి వచ్చింది. ఆయన ఆమె బండి అద్దం మీది మంచు గోకుతున్నాడు. గోకాల్సినది అయిపోయినా గోకుతూనే ఉన్నాడు.

"అంతసేపు మంచులో కూర్చుంటే మోకాళ్ళు నొప్పెట్టవూ బాబాయ్?" అంది.

ఆయన చెయ్యి ఆగింది.

"చూశావా?"

"చూశాను."

"తల్లిపక్షి ఆ రాత్రే లేచిపోయింది" అన్నాడు, అద్దంతోనే చెబుతున్నట్టు. "వాణ్ణి బండి మీదికి ఎత్తేటప్పుడు చెట్టు పైనుంచి రెక్కల గాలి తగిలింది. తెల్లారి వెళ్ళి చూశాను, మర్నాడూ చూశాను. తిరిగి రాలేదు. తల్లీతండ్రీ రెండూ రాలేదు. నీ దగ్గరికి చెబుదామనే వచ్చాను. నీ మొహం చూశాక నోట్లోంచి వేరే మాట వచ్చింది. ఒకసారి పుట్టించాక పెంచకుండా ఎలాగమ్మా."

ఒరియెకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఏడాదిపాటు ఆ పిల్ల బతికి ఉంది కాబట్టే ఒక ప్రశ్న అడగకుండా నెట్టుకొచ్చింది. ఇప్పుడు అడ్డమేమీ లేదు.

"ఒక్కటి చెప్పు బాబాయ్. నువ్వు చేరేసరికి ఆయన ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"లేదమ్మా" అన్నాడు గెన్సాకు వెంటనే. "ఎప్పుడో పోయాడు. కర్రలా ఉన్నాడు. నేను కాదు, ఊరంతా పరిగెత్తుకొచ్చినా అందేవాడు కాదు."

అదే గొంతు. పిల్ల గూడు అంచు మీదికి వచ్చిందని చెప్పిన గొంతు, తుప్పల్లో పడిందని చెప్పిన గొంతు. ఒరియె ఆయన మొహంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ సముద్రం మీది గాలికి ఆ ఊళ్ళో ముసలివాళ్ళందరి కళ్ళూ అలాగే ఉంటాయి. ఎంత చూసినా ఆమెకేమీ తెలియలేదు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే చెబుతాడు. ఒట్టు పెట్టమంటే ఒట్టూ పెడతాడు.

"సరే బాబాయ్" అంది.

అతిథులు వచ్చి ఎక్కారు. ఒరియె బండి తిప్పి రేవు వైపు పోనిచ్చింది. మలుపు తిరగగానే సముద్రం మీద మంచుపలకలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద నల్లనల్లగా గద్దలు.

"కుడి పక్క చూడండి" అంది ఒరియె. ఏ గద్దలో చెప్పకుండానే, అద్దం మీద లేని ఆవిరిని చేత్తో తుడిచింది. సుమియె వెనకనుంచి ఒరియె సీటు వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. బండి నెమ్మదిగా రేవులోకి దిగింది.