బచ్చలితీగకి కట్టిన పచ్చ వైరు

శుక్రవారం వచ్చిందంటే ఉమామహేశ్వరి భోజనాల బల్ల భోజనాలకి పనికొచ్చేది కాదు. ఆ అరబ్బు దేశంలో వాళ్ళుండే ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్లలో తెలిసినవాళ్ళ మైక్రోవేవ్ ఏది చచ్చినా శవం ఆ బల్ల మీదికే చేరేది. మొగుడు సుబ్బరాజు వారమంతా ఆఫీసులో టెండరు కాగితాలు దిద్ది, సెలవునాడు మాత్రం తను చదివింది ఎలక్ట్రికల్ అని గుర్తుచేసుకునేవాడు.

అతనికో ఆచారం. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో వేల వోల్టులు పొంచి ఉంటాయట. పచ్చ వైరు ఒక కొసనున్న క్లిప్పుని ఓవెన్ ఇనప ఒంటికి తగిలించి, రెండో కొసనున్న ప్లాస్టిక్ పిడి కడ్డీతో కెపాసిటర్‌ని ముట్టి, దాన్ని ఖాళీ చేశాకే చెయ్యి పెట్టేవాడు. అంతసేపూ ఎడమ చెయ్యి వీపు వెనకే, బంతి మధ్య తిరిగే పెళ్ళిపెద్దలాగ.

"వైరు లేనిదే పని లేదు" అనేవాడు.

బల్ల ఖాళీ చేయించే ఉపాయం ఆ మాటే నేర్పింది. గురువారం సాయంత్రం ఉమ ఆ వైరు తీసి బాల్కనీలో బచ్చలితీగకి ఆసరాగా కట్టేసింది. ముచ్చటగా కూడా కట్టింది. పక్కింటి ఖతీజాబీకి, జుమా నమాజు వేళకి ఓవెన్ ఇచ్చేస్తామని మాటిచ్చింది తనేనని మాత్రం మర్చిపోయింది.

సుబ్బరాజు మర్చిపోలేదు. మర్నాడు పొద్దున చెప్పుల స్టాండు దాకా వెతికి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా పచ్చ వైరు చూశావా?"

"మీ సామాను సంగతి నాకేం తెలుసండీ."

నవ్వు దాచుకోడానికి తరుగుతున్న ఉల్లిపాయలు సాయపడ్డాయి. అతను గడియారం చూసి, నీ మాట పోతుంది కదా అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఠప్పుమంది. కుర్చీ పడింది.

కరెంటు వేళ్ళలో ఎక్కి, ఓవెన్‌కి ఆనిన మణికట్టు దగ్గర దిగిపోయిందన్నాడు డాక్టరు. రెండో చెయ్యి కూడా తగిలుంటే గుండె మీంచి పోయేదట. ఆ రోజూ ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంది.

చూడవచ్చిన అందరికీ, వైరెక్కడో పారేసుకున్న తన బుద్ధితక్కువే అని చెప్పాడు. ఉమ టీలు అందించింది. పదకొండో రోజున తీగ విప్పి, వైరు తెచ్చి బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది.

అతను ఎడమచేత్తో దాన్ని చుట్ట చుట్టాడు.

"అడిగినప్పుడు చెప్పాల్సింది, ఉమా."

అంతే. తిట్టుంటే తిరిగి తిట్టి తేలికపడేది.

ఇప్పుడు కాఫీ గ్లాసు అతని ఎడమచేతికే ఇస్తుంది. కుడిచేతి రెండు వేళ్ళకి వేడి తెలీదు. ఓవెన్లేవీ రావడం లేదు. బల్ల ఏడు రోజులూ ఖాళీ. ఇద్దరూ సోఫాలో కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేస్తున్నారు.