కోడికూర దాకా

సర్కారు దవాఖానాలోకి రెండు కాళ్లతో పోయినవాడు ఒంటికాలితో బయటికొస్తాడని కొమురెల్లికి గట్టి నమ్మకం. ఎవరు చెప్పగా విన్నాడో గుర్తులేదు కానీ, తను మాత్రం కనపడినవాళ్లందరికీ చెప్పాడు. నాచారంలో ప్లాస్టిక్ డ్రమ్ములు చేసే కంపెనీలో అతను లోడింగ్ మేస్త్రీ. లారీ ఎక్కి ఒక్క కేక పెడితే, గేటు బయట చాయ్ తాగుతున్న హమాలీలు గ్లాసులు వదిలి పరుగెత్తుకొచ్చేవాళ్లు. అంతటి మనిషి ఒక సాయంత్రం డ్యూటీ దిగి బోడుప్పల్‌లో ఇంటికి పోతూ, ఉప్పల్ దాటాక అడ్డమొచ్చిన కుక్కను తప్పించబోయి డివైడర్‌ను గుద్దుకున్నాడు. కుక్కకేమీ కాలేదు. కొమురెల్లి కుడి తొడ ఎముక మాత్రం రెండు ముక్కలైంది.

సర్కారు దవాఖానాకు తీసుకుపోతున్న అంబులెన్సులో నొప్పికంటే భయమే ఎక్కువ బాధపెట్టింది. కాలు తీయనివ్వనని భార్య దుర్గమ్మ చేత అంబర్‌పేట దాకా ఒట్లు వేయించుకుంటూనే ఉన్నాడు. అంబర్‌పేట దాటాక కొత్త భయం పట్టుకుంది. తొందరలో ఆ కాలనుకుని ఈ కాలు తీస్తే?

ఆపరేషన్ పొద్దుటికి ఆ భయం ముదిరింది. పక్క మంచంలో పరంధామయ్య అని ఒక రిటైరైన పంతులుగారు ఉన్నారు. తణుకు వైపు నుంచి వచ్చి మేడిపల్లిలో స్థిరపడిన మనిషి. బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషనై, అప్పుడే వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. దవాఖానా చొక్కా జేబులో కూడా ఆయనకు పెన్నులుండేవి. ఒకటి అడిగి తీసుకుని, దుర్గమ్మ మొగుడి ఎడమ తొడ మీద పెద్ద అక్షరాలతో రాసింది: ‘ఇది మంచి కాలు. ముట్టకుండ్రి.’

‘ముట్టకండి’ అని రాయాలమ్మా, అని పరంధామయ్యగారు దిద్దబోయారు. మా కాలు మా ఇష్టమని దుర్గమ్మ ఆయన పెన్ను ఆయనకిచ్చేసింది.

మత్తు దిగాక కొమురెల్లి మొట్టమొదట కాళ్లు లెక్కపెట్టుకున్నాడు. రెండూ ఉన్నాయి. కుడి తొడలో రాడ్డు వేసి కట్టుకట్టారు. ఎడమ తొడ మీద దుర్గమ్మ రాత కింద ఇంకో వరుస చేరింది: ‘ముట్టలేదు. డాక్టర్ ఫణీంద్ర.’

ఇంతవరకూ బాగానే ఉంది. మర్నాడు ఫణీంద్ర వచ్చి, ఇక లేచి నడవాలన్నాడు. నడిపించడానికి ఫిజియోథెరపిస్టు హిమజ వాకర్ తీసుకుని వచ్చింది. కొమురెల్లి భుజం దాకా కూడా రాని పిల్ల. ఆమెను చూడగానే కొమురెల్లి గురక పెట్టాడు. తర్వాతిసారి చలిజ్వరమన్నాడు. థర్మామీటర్ ఒప్పుకోకపోయేసరికి, మేనమామ పోయాడనీ, మైలలో ఉన్నవాళ్లు నడవగూడదనీ చెప్పాడు.

“మామ పోయి మస్తు ఏండ్లాయె బిడ్డా. గప్పుడు మా పెండ్లి గూడ కాలే” అంది దుర్గమ్మ.

నిజానికి మంచం మీంచి కాలు దించినప్పుడల్లా ఆ రోజు రోడ్డు మీద ఎముక విరిగిన చప్పుడు అతని చెవిలో మోగేది. లారీల మీద అరిచే మనిషి ఆ మాట ఎవరితో అంటాడు? అనకపోయినా దుర్గమ్మకు తెలుసు. ఇట్లాగే పడుకుంటే మోకాలు బిగుసుకుపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది అని హిమజ ఆమెను వరండాలోకి పిలిచి చెప్పింది. దుర్గమ్మ హిమజకు మాత్రమే వినిపించేలా ఏదో చెప్పి ఇంటికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు. వాసన వార్డంతా తిరిగింది. దుర్గమ్మ మాత్రం మొగుడి మంచం దాటుకుని వెళ్లి, చివరన కిటికీ కింద ఉన్న బెంచీ మీద కూర్చుని మూత తీసింది.

“ఏందే, ఆడ కూసున్నవ్?”

“ఈడ గాలి మంచిగొస్తుంది. తినాల్నంటే రా.”

“నేనెట్ల వస్త?”

“రెండు కాళ్లున్నయి గదా. నువ్వే లెక్కవెట్టుకున్నవ్.”

ఈలోగా పరంధామయ్యగారు వాకర్ టకటకలాడించుకుంటూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. దుర్గమ్మ ఆయనకు వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని, ఎంతో మర్యాదగా అడిగారు.

“కొమురెల్లిగారూ, లివరు ముక్క మీకు ఉంచమంటారా, నన్ను తినేయమంటారా?”

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో కార్జం ఇంకొకరి కంచంలో పడింది లేదు. కొమురెల్లి చెయ్యి చాచాడు. హిమజ వాకర్‌తో వెనకే నిలబడి ఉంది.

“గది ఇటియ్యి బిడ్డా.”

లేచాడు. కుడికాలు నేలకు ఆనించాడు. టక్కుమంది. కొమురెల్లి కళ్లు మూసుకుని గట్టిగా కేక పెట్టాడు. వార్డులో అందరూ తిరిగి చూశారు. హిమజ అతని తొడ తడిమి చూసి, ఏమీ కాలేదని బెంచీ వైపు చూపించింది. పరంధామయ్యగారు కోడికాలి ఎముక కొరికి, మూలుగ జుర్రుతున్నారు.

ఆ సిగ్గుతోనే సగం దూరం నడిచాడు. మిగతా సగం కోపంతో నడిచాడు. చెమటలు కక్కుతూ బెంచీ చేరేసరికి పంతులుగారి కంచంలో ఎముకలే ఉన్నాయి. కొమురెల్లి నోరు తెరవబోయాడు. దుర్గమ్మ కింది గిన్నెలో రొట్టె మడత విప్పింది. కార్జం అందులో ఉంది.

కడుపు నిండాక మంచం ఎంత దూరంలో ఉందో కనిపించింది. చక్రాల కుర్చీ తెప్పించమని అడిగాడు. వచ్చిన కాళ్లతోనే పోవాలని హిమజ చెప్పింది. పోయాడు. ఈసారి ఎవరి మీదా కోపం లేదు కాబట్టి చాలాసేపు పట్టింది. దారిలో రెండుసార్లు ఆగి దుర్గమ్మ వైపు తిరిగి చూశాడు. తను చూస్తూనే ఉన్నానని ఆమె చెయ్యి ఊపింది.

అతను మంచం మీద కూలబడ్డాక, క్యారియర్‌లో మిగిలిన మెడముక్కా సగం రొట్టే దుర్గమ్మ తను పెట్టుకుంది. కుక్క అడ్డమొచ్చిన నాటి నుంచీ ఆమె కుదురుగా కూర్చుని తినడం అదే మొదలు. గిన్నె అంచు దాకా తుడుచుకుని తింటుంటే, రేపు వచ్చేటప్పుడు కాస్త కారం తగ్గించమని పరంధామయ్యగారు కోరారు.

“తక్కువ జెయ్యకు” అన్నాడు కొమురెల్లి మంచం మీంచి. “నేను గూడ వస్తున్న.”